ఇంటి ముందే ఆగే కారు

"పాపని వెనక సీట్లో పెట్టుకుని వెళ్తుంటే, ఆ పొడుగు వంతెన మధ్యలో కారు ఆగిపోయిందనుకో. వెనక లారీలు. అప్పుడేం చెయ్యాలి?"

ఈ ప్రశ్న ఆ ఇంట్లో కాఫీతో పాటు ఒకసారి, భోజనంతో పాటు ఒకసారి వినిపించేది. అడిగేది పాప తల్లి. ఎమ్మెస్సీ చదివి, నీళ్ళ పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తోంది. ప్రసూతి సెలవు అయిపోవస్తోంది. ఊరికి ఆ చివరనున్న క్రెష్‌లో పాపని దింపి ల్యాబుకి వెళ్ళాలంటే కారు కొనక తప్పదు. కొనాలంటే గుండె దడ. ఆ దడంతా పుట్టించినవాడు ఆమె సొంత బాబాయి.

బంధువులందరూ ఆయన్ని బానెట్ బాబాయి అంటారు. ఆయన దగ్గరొక పాత యూరప్ కారుంది. అది ఆగిపోవడం, ఆయన బానెట్ ఎత్తడం, జపాను కార్ల గొప్పతనం మీద ఉపన్యాసం మొదలుపెట్టడం, ఈ మూడూ లేకుండా ఆయన ఎవరింటికీ వచ్చిన దాఖలా లేదు. పెళ్ళి ఆల్బముల్లో అందరి మొహాలూ కనిపిస్తాయి. ఆయనది మాత్రం బానెట్ కిందనుంచి నడుము కనిపిస్తుంది.

ఆయన రిటైరయ్యేవరకూ ఇన్సూరెన్సు కంపెనీలో గుద్దుకున్న కార్లకి నష్టం లెక్కగట్టే ఉద్యోగం చేశాడు. అందువల్ల కార్ల విషయంలో ఆయన మాటకి తిరుగులేదని ఆయనే చెబుతుంటాడు.

"జపాను కారంటే పెద్దకోడలు లాంటిదమ్మాయ్," అంటాడు. "పెట్టింది తింటుంది, నోరెత్తదు, ఏళ్ళ తరబడి సంసారం లాగుతుంది. పార్టు పోతే సందు చివరి షాపులోనే దొరుకుతుంది. యూరప్ కారంటే కొత్తల్లుడు. నడక దర్జాగా ఉంటుంది, కాదనను. కానీ మర్యాదలో చిన్న లోటొచ్చినా డాష్‌బోర్డు మీద మొహం ఎర్రబడిపోతుంది. పార్టు కావాలంటే సముద్రం దాటి రావాలి. దాని ఖర్చు వింటే నీ మొహం తెల్లబడుతుంది."

"మావయ్యగారూ, నేనిక్కడే ఉన్నాను," అనేవాడు ఆమె భర్త.

"మీ సంగతి కాదు అల్లుడుగారూ. మీకు వారంటీ అయిపోయి చాలా కాలమైంది."

భర్తకి యూరప్ కారు మీదే మనసు. ఆయన ఆఫీసులో అకౌంటెంటు ఒకటి అమ్ముతున్నాడు. దాని తలుపు వేస్తే 'ధబ్' మని నిండుగా చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకే ఆయన పడిపోయాడు.

"జపాను దాని తలుపు రేకు డబ్బా మూతలా ఉందే," అన్నాడు భార్యతో.

"మనం తలుపుని కొనడం లేదు," అందామె.

ఆమె కంప్యూటర్లో పట్టిక వేసింది. కొన్న ధర, సర్వీసు ఖర్చు, పార్టుల ధర, తిరిగి అమ్మితే ఎంతొస్తుంది, దారిలో ఎన్నిసార్లు మొరాయిస్తుంది. ఈ చివరి గడి కోసం ఇంటర్నెట్లో వెతికితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. కళ్ళారా చూసిన ఆధారం ఒక్కటే, బాబాయి కారు. ఆ కారు దెబ్బకి యూరప్ ఖండం మొత్తం పట్టికలో అడుక్కి పోయింది.

చూసిన ఆధారమంటే మామూలుగా చూసింది కాదు. పాప పుట్టాక ఆ కారు వాళ్ళ గేటు ముందు ఆగినన్నిసార్లు పాలవాడు కూడా ఆగలేదు. సరిగ్గా మధ్యాహ్నం, భర్త ఆఫీసులో ఉండి, పాప ఇల్లెగిరేలా ఏడుస్తుండగా ఆగేది.

"మళ్ళీ పోయిందమ్మాయ్," అంటూ బాబాయి చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చేవాడు. "మెకానిక్కి ఫోన్ చేశాను. వాడొచ్చేదాకా ఎండలో నిలబడలేను. కాసేపు కూర్చోనిస్తావా?"

"కూర్చో బాబాయ్. నీ కారుని పాత సామానువాడికి వేసెయ్యకూడదూ?"

"వాడూ తీసుకోనన్నాడు. ఆ పాపనిలా ఇవ్వు."

పాపని భుజాన వేసుకుని యూరప్ గేర్‌బాక్సు ఎలా పనిచేస్తుందో దాని చెవిలో వివరించేవాడు. ఆ విషయం విని మెలకువగా ఉన్న ప్రాణి ఇంతవరకూ లేదు. మూడో గేరు దగ్గర పాప పడుకునేది. నాలుగో గేరు దగ్గర సోఫాలో తల్లి పడుకునేది. లేచి చూస్తే పాలసీసాలు కడిగి బోర్లించి ఉండేవి. ఆరిన బట్టలు మడతపెట్టి ఉండేవి.

"మెకానిక్ రాలేదా బాబాయ్?"

"వచ్చి వెళ్ళాడు. నిద్రపోతున్నావు, లేపొద్దన్నాను."

ఇంతకుముందు పెద్దత్తయ్యకి మోకాలి ఆపరేషనయినప్పుడు ఆ కారు నెలంతా అక్కడే చెడింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ శవాన్ని మా గేటు ముందే పాతెయ్యరా, నీకు రాకపోకల శ్రమ తప్పుతుంది," అందిట ఆవిడ. ఉద్యోగం పోయి గదిలోంచి బయటకి రాని మేనల్లుడి ఇంటి ముందు చెడితే, వాడు తిట్టుకుంటూ బయటికొచ్చి తోశాడట. మర్నాడూ తోశాడట. తోసి తోసి వాడికి ఆకలి వేయడం మొదలైందని వాళ్ళమ్మ చెప్పింది. ఇవన్నీ ఆమె పట్టికలో వైఫల్యాల కింద ఎక్కించింది.

అకౌంటెంటు కారు మంచి చెడ్డలు చూపించడానికి భార్యాభర్తలు దాన్ని ఒక గ్యారేజీకి తీసుకెళ్ళారు. బాబాయి వెళ్ళేది కూడా అక్కడికే. మెకానిక్ కిందా మీదా చూసి, "శుభ్రంగా ఉందమ్మా, తీసుకోండి," అన్నాడు.

"ఇప్పుడు శుభ్రంగానే ఉంటుంది. మా బాబాయి కారు చూడండి, రోజూ మీరే కదా వచ్చి బాగుచేస్తున్నారు."

"నేనా? ఆ బండి మా దగ్గరికి ఆయిలు మార్చడానికి తప్ప రాదమ్మా. టైముకి సర్వీసు చేయిస్తారు. రాయిలా ఉంది."

భర్త నవ్వాడు. ఆమె నవ్వలేదు. ల్యాబు మనిషి కదా, తప్పు లెక్క దొరికితే మొదటినుంచీ చూసుకోవాలి. ఇంటికొచ్చే దారి పొడుగునా ఆ లెక్కే చూసుకుంటూ వచ్చింది. ఆ కారు బజార్లో ఆగలేదు, వంతెన మీద ఆగలేదు. ఆగిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు డీలా పడి ఉన్నారు. ఆ ఇళ్ళలో తనదీ ఒకటి.

మర్నాడు మధ్యాహ్నం కారు మళ్ళీ ఆగింది. బాబాయి బానెట్ ఎత్తుతుండగానే ఆమె పాపని చంకనేసుకుని వెళ్ళి, డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజిను హాయిగా పలికింది.

"నీ చెయ్యి మంచిదమ్మాయ్," అన్నాడాయన.

"మెకానిక్ అంతా చెప్పాడు బాబాయ్."

ఆయన బానెట్ దించాడు. దొరికిపోయిన పిల్లాడిలా రుమాలుతో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"సాయానికి వచ్చానని చెప్పొచ్చుగా?"

"చెబితే ఏమనేదానివి?"

ఆమె ఆలోచించింది. "అక్కర్లేదు బాబాయ్, నేను బాగానే ఉన్నాను అనేదాన్ని."

"అందరూ అదే అంటారు. అదే కారు చెడిందని చెప్పు, పాపం రండి, కూర్చోండి అంటారు. తామే మనకి సాయం చేస్తున్నామనుకుంటే వాళ్ళకి సిగ్గుండదు."

"మరి జపాను కార్లని అంత పొగుడుతావు, నువ్వే ఒకటి కొనుక్కోవచ్చుగా?"

"భలేదానివే. జపాను కారు ఆగిపోయిందంటే ఎవరే నమ్మేది?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, అసలు ప్రశ్న అడిగింది. "నిజం చెప్పు బాబాయ్. ఏది కొనమంటావు?"

"టైముకి ఆయిలు మార్చేవాడికి రెండూ మంచివే. యూరప్ దానికి సర్వీసు ఖర్చు కాస్త ఎక్కువ, అది మాత్రం అబద్ధం కాదు. ఇక వంతెన మీద ఆగిపోతే అంటావా, మీ ఆయనకొక ఫోను, నాకొక ఫోను. నేను ఊరికే ఉన్నవాణ్ణే కదా."

ఆ వారం వాళ్ళు అకౌంటెంటు కారే కొన్నారు. తలుపు చప్పుడు గెలిచిందని భర్త అందరికీ చెప్పుకున్నాడు. ఆమె కాదనలేదు. పట్టికలో చివరి గడి చెరిపేసి, ఎక్కువయ్యే సర్వీసు ఖర్చుకి ఎదురుగా 'అవసరం' అని రాసుకుంది.

కారు ఇంటికొచ్చిన రోజు బాబాయి చుట్టూ తిరిగి చూసి, ఆమెని పక్కకి పిలిచి వాడకం చెప్పాడు. టైర్ల గురించి కాదు, బ్రేకుల గురించి కాదు.

మొన్న ల్యాబు నుంచి వస్తూ, కవలల్ని కని సెలవులో ఉన్న సహోద్యోగిని ఇంటి ముందు ఆమె కారు ఆపింది. లోపల్నుంచి రెండు గొంతుల ఏడుపు వినిపిస్తోంది. ఆమె చెయ్యి బెల్ దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి, బానెట్ తెరిచే మీట ఎక్కడుందో వెతుక్కుని, బాబాయి చెప్పిన మాటే పాటించింది: "ముందు బానెట్ ఎత్తు, తర్వాతే బెల్ కొట్టు. కొట్టాక ఎత్తితే అనుమానం వస్తుంది."