లేవని కుర్చీ

కడపలో మనవరాలి కాలేజీ ఆడిటోరియంలో సభ ముగిసి జనం లేస్తుంటే కుర్చీలు టపటపా పైకి మడుచుకున్నాయి. ఆ చప్పుడు వింటే నాకు కువైట్ సిటీలోని పాత సినిమా హాలూ, దాని గేట్‌కీపరు ఖాదరన్నా గుర్తొస్తారు.

నేనక్కడ ఆరేళ్లు ఊడ్చాను. కింద ఇరవై రెండు వరసలు, బాల్కనీలో తొమ్మిది. మొదట్లో దానికి కప్పు లేదట. ఆకాశం కిందే బొమ్మ ఆడేదట. తర్వాత గోడలు పెంచి కప్పు వేశారు. పాత గోడా కొత్త గోడా కలిసిన చోట సన్నగా ఇసుక రాలేది. ఎవరి కంటికీ అడ్డం రాకూడదని బాల్కనీ కింద ఒక్క స్తంభం కూడా పెట్టలేదు. ఇవన్నీ నాకు చూపించింది రాయచోటి ఖాదరన్నే. ఆట అయ్యాక కుర్చీలన్నీ లేచాయో లేదో చూడకుండా ఆయన తలుపు వేసేవాడు కాదు. కుర్చీ కిందికుంటే మనిషి ఉన్నట్టే. బాల్కనీలో ఒకటి మాత్రం స్ప్రింగు విరిగి ఎప్పుడూ కిందికే ఉండేది.

1990 ఆగస్టు రెండు, గురువారం, ఇరాక్ సైన్యం వచ్చింది. యజమానులు వదిలి వెళ్లిన పనివాళ్లు మా హాల్లో తలదాచుకున్నారు. రోజూ కొందరు వచ్చేవారు, కొందరు పోయేవారు; తలలు లెక్కపెట్టి లాభం లేదు. సరిగ్గా ఐదు వారాలకు, మళ్లీ గురువారమే, మధ్యాహ్నంలోగా హాలు ఖాళీ చేయమన్నారు సైనికులు. జోర్డాన్ వైపు పోయే బస్సు దొరికింది. కింద ఖాదరన్న చూసుకుని, పైన నన్ను చూసి రమ్మన్నాడు. కరెంటు లేదు. బాల్కనీ తలుపు తీస్తే వెలుగు నాలుగు వరసల దాకే పడింది. ఒక కుర్చీ కిందికుంది. విరిగినదే అనుకుని దిగివచ్చాను. బస్సెక్కాక అదే చెప్పాను.

"ఎన్నో వరసలో చూసినావమ్మే?"

"మూడో వరసన్నా."

"విరిగింది ఆరో వరసలోది గదా."

ఆరేళ్లు ఊడ్చిన నాకు అది తెలియనిది కాదు. నేను దిగబోయాను.

"కూచో. నీకిద్దరు బిడ్డలుండారు," అన్నాడు. తనకు నలుగురని అనలేదు. ఆయన దిగగానే డ్రైవరు యల్లా అని బస్సు కదిలించాడు.

పన్నెండో రోజున ఖాదరన్న మేమున్న జోర్డాన్ శిబిరానికి వచ్చాడు. వెంట కాంతమ్మ అనే పనిపిల్ల. ఆ రోజు జ్వరంతో ఆ కుర్చీలోనే ముడుచుకుని నిద్రపోయిందట. ఖాదరన్న నన్ను తిట్టలేదు. మా డేరాలో ఎంతమందని అడిగాడు. ముప్పై ఒకరన్నాను.

"దగ్గరికి పోయి చూసినావా, వాకిట్లో నిలబడి చెప్తాండావా?"

ఆడిటోరియం ఖాళీ అయింది. వెనక పదకొండో వరసలో ఒక కుర్చీ లేవలేదు. అవ్వా రా అని మనవరాలు గుమ్మం దగ్గర నుంచి పిలుస్తోంది. నేను మెట్లెక్కి దాని దాకా వెళ్లాను. స్ప్రింగు విరిగింది. చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు దిగివచ్చాను.