కాయలకి పిలవని పికప్

రావులపాలెంలో మా బస్సు ఆగిపోతే, వీర్రాజుగారనే ఆయన అమలాపురం దాకా నన్ను తన బండిలో ఎక్కించుకున్నారు. ముందు రెండు వరసల సీట్లు, వెనక పొడవాటి తొట్టి ఉన్న పెద్ద పికప్ అది. దారంతా కొబ్బరికాయల లోడుతో చిన్న ట్రక్కు ఆటోలే ఎదురయ్యాయి. అలాంటి బండి మరొకటి కనిపించలేదు.

"ఇక్కడ ఇలాంటివి ఎవరూ కొనరా?" అని అడిగాను.

"కొనరండి. కాలవగట్టు దారుల్లో ఇది తిరగదు కదండీ. కువైట్‌లో చాలాకాలం ఇలాంటిదే తోలేనండి. అక్కడ ఎక్కడ చూసినా ఇవేనండి. ఆ మోజుతో కొనేసేను. ఇక్కడ కాయలకి ఎవరూ పిలవరండి."

"మరి దేనికి పిలుస్తారు?"



"గల్ఫ్‌లో మనోళ్లెవరైనా పోతే పిలుస్తారండి. శవాన్ని పెట్టెలో పంపిస్తారు కదండీ. పెట్టె వెనక పెట్టి, ఇంట్లోవాళ్లని ముందు కూర్చోబెట్టుకుని హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నించి తీసుకొస్తానండి. ఊరి మొదట్లో దింపితే, అక్కణ్నించి భుజాల మీద మోసుకెళ్తారు."

"ఈ బండి అమ్మేయకపోయారా?" అన్నాను.

"ఆయ్, బేరం కూడా వచ్చిందండి. కానీ మా తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడండి."

అమలాపురంలో ఆయన బండి ఆపారు. నా సంచీ వెనక తొట్టిలో ఉంది. దిగి, దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాపి, ఒక్క క్షణం ఆగిపోయాను.