ఒంటె మీద ఖర్జూరం బస్తా

మా హీరోకి ప్రతి నవలలోనూ మూడో ప్రకరణంలో భుజానికి తూటా తగులుతుంది. జేబురుమాలు బిగించి కట్టుకుని, మోటారు సైకిలెక్కి వెళ్ళిపోతాడు. ఆ పేజీలు టైపు చేసినప్పుడల్లా మా సిస్టర్ నాకు వాయిస్ మెసేజ్ పెట్టి తిట్టేది. ఆమెది కోస్తా. ఇక్కడ సౌదీలో, బురైదా ఊళ్ళో ఒక ఆసుపత్రిలో నర్సు, అందుకే అందరికీ సిస్టరే. "ఏంటి అన్నయ్యా ఈ మనిషి? తూటా తీయించుకోడు, టీటీ ఇంజెక్షన్ వేయించుకోడు, పైగా గోడలు దూకుతాడు! మా వార్డుకి రమ్మను, ఒక్క పూటలో దారికి తెస్తాను" అనేది. అంత తిట్టీ, తర్వాతి ప్రకరణం ఎప్పుడు పంపుతావని అడిగేది.

నేను ఖర్జూరం నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్ని. మాది ఉత్తర తెలంగాణ. చిన్నప్పుడు బస్టాండు పక్కన అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. ఆ సాహస నవలల్ని సాంఘిక శాస్త్రం పుస్తకంలో దాచుకుని చదివి, సార్ చేత వీపు విమానం మోత మోగించుకున్నాను. అవిప్పుడు ఎక్కడా దొరకవు. "చెత్త పుస్తకాలు, పోతే పోనీ" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు చదవడం అలవాటు చేసింది ఆ చెత్తే మరి! అందుకని సెలవు మీద ఊరెళ్ళే ప్రతివాడికీ పురమాయించాను. పాత ప్రతులు ఆవకాయ సీసాల పక్కన ఒదిగి, కాస్త నూనె పీల్చుకుని మరీ వచ్చేవి. నేను ఫోన్లో పేజీలకి ఫొటోలు తీస్తే సిస్టర్ టైపు చేసేది. విజయవాడలో ఒక చిన్న ప్రెస్సువాళ్ళు కొద్ది ప్రతులు అచ్చు వేసేవాళ్ళు. రచయిత ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకుని వెతికి పట్టుకుని అనుమతి అడిగితే, "మా నాన్న పుస్తకాలు ఇంకా ఎవరికైనా కావాలా?" అని ఫోన్లోనే ఏడ్చేశాడు.

అచ్చయిన పుస్తకాలు మళ్ళీ సూట్‌కేసుల్లోనే సౌదీ చేరి, ఖర్జూరం తోటల్లో పనిచేసే మనవాళ్ళ చేతులు మారేవి. ఎడారిలో గొర్రెలు కాసుకునే ఒకతను ఓ రోజు ఫోన్ చేశాడు. "అన్నా, గా ముసుగోడు ఎవడో జెప్పకుంటనే మొదటి భాగం ఆపితివి. గొర్లను లెక్కవెడ్తుంటే గూడ వాడే యాదికొస్తుండు. జెల్ది రెండోది పంపు" అన్నాడు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

పెయింటరు పెద్దాయన నాకు దొరికింది కూడా ఈ పుస్తకాల వల్లే. ఆయన గోదావరి వైపు మనిషి. మా గోదాములకి బోర్డులు రాయడానికి వచ్చేవాడు. అరబ్బీ చదవడం రాదు గాని, ముత్యాల్లాంటి అరబ్బీ అక్షరాలు వేసేవాడు. ఒకసారి టీ తాగుతూ నా చేతిలో పుస్తకం లాక్కుని, లోపలి పేజీ ఒక్కటైనా తిప్పకుండా అట్టనే చూస్తూ కూర్చున్నాడు.

"ఈ బొమ్మ నాదే బాబూ" అన్నాడు.

"ఊకో అన్నా! పొద్దుగాల్నే నేనే దొరికిన్నా నీకు?" అన్నాను.

ఆయన ఖాళీ అట్టపెట్టె తీసుకుని, మార్కరుతో నాలుగు గీతలు గీశాడు. ఎడమ కంటి మీదికి వాలిన టోపీ, కింద సగం మొహం, పెదవి చివర సిగరెట్టు. నా చిన్ననాటి హీరో ఖర్జూరం పెట్టె మీద ప్రత్యక్షం! కాళ్ళకి దండం పెట్టబోతే, "లేవయ్యా బాబూ, టీ ఒలికిపోతోంది" అని కసిరాడు.

ఆ నవలలు ఎలా తయారయ్యేవో ఆయన చెప్పాకే తెలిసింది. ముందు బొమ్మ, తర్వాత కథ! ఖర్చు కలిసొస్తుందని నాలుగు నవలల అట్టలు ఒకే షీటు మీద ముందే వేసేవారట. కాబట్టి కథ పుట్టకముందే అట్ట అచ్చయిపోయి ఉండేది. రచయిత ఆ అట్టని ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నదంతా ఎక్కడో ఒకచోట వచ్చేలా రాయాలి. "ఓసారి సరదాకి బావిలో హెలికాప్టరు వేశాను. మావాడు టీకొట్టు దగ్గర నా కాలరు పట్టుకుని, 'ఒరేయ్, దీన్నిప్పుడు ఎలా బయటికి తియ్యాల్రా?' అన్నాడు. వారం తిరక్కుండా తీశాడు!" అని చెప్పి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రచయిత ఆయనకి ప్రాణ స్నేహితుడు.

ఆఖరి అట్ట ఒకటి అలాగే మిగిలిపోయింది. అచ్చయ్యాక రచయిత జ్వరంతో మంచం పట్టి మళ్ళీ లేవలేదు. ప్రెస్సు మూతపడింది. పెద్దాయన ఆ అట్టనొక్కదాన్ని పెట్టెలో పెట్టుకుని సౌదీ వచ్చేశాడు. ఆ నవలలన్నీ చదివిన ఆయన భార్య అప్పటినుంచీ ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ ఒంటె కథ ఏమైంది?" అని అడుగుతూనే ఉందట. ఇప్పుడు ఆయన కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న సేఠు, ముసలివాడైపోయి దుకాణం మూసేస్తున్నాడు. పెద్దాయనకి ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఇక ఇంటికి వెళ్ళిపోవడమే.

"ఆ కథ నువ్వు రాయి బాబూ. ఉత్త చేతులతో వెళ్ళినా మా ఆవిడ ఏమీ అనదు గాని, ఆ కథ లేకుండా వెళ్ళి దాని మొహం ఎలా చూడను?" అన్నాడు.

"నేను కరెంటోణ్ణే! కథలు నాకేడ వస్తయి?"

"వాడు మాత్రం? పోస్టాఫీసులో స్టాంపులు గుద్దుకునేవాడు!"

అట్ట తెచ్చుకుని గోడకి అతికించుకున్నాను. ఇసుక దిబ్బలు, ఒంటె, దాని మీద మా హీరో, ఆయన ముందు ఏదో నల్లటి మూట. మెత్తటి పాదాలుండాల్సిన ఒంటెకి మాత్రం ఎద్దు గిట్టలున్నాయి! వేసేనాటికి పెద్దాయన ఒంటెని చూసి ఎరగడు. మార్చి వేస్తానన్నాడు గాని, నేనొప్పుకోలేదు. అట్ట మారకూడదు, కథే దారి వెతుక్కోవాలి అన్నది వాళ్ళ పద్ధతే కదా! బుర్ర బద్దలు కొట్టుకుంటే చివరికి తట్టింది. వెంటపడే దొంగలు జాడ పట్టకుండా హీరో ఒంటె కాళ్ళకి చెక్క గిట్టలు కట్టాడు! దొంగలు ఎద్దు కోసం వెతుకుతూ ఇంకో దిక్కు పోయారు. మరి ఆ నల్ల మూట? బురైదాలో ఉండి నాకు వేరే ఏం తోస్తుంది, ఖర్జూరం బస్తా అనుకున్నాను. దాంట్లో వజ్రాలు కూడా దాచేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం అట్ట కూడా పట్టుకెళ్ళి పెద్దాయన గదిలో చదివి వినిపించాను. మగవాళ్ళ గదికి సిస్టర్ రాలేదు కాబట్టి ఫోన్లో వింటోంది. చెక్క గిట్టల దగ్గర పెద్దాయన పొలమారేదాకా నవ్వాడు. కథ ముగిశాక మాత్రం ఇంకేదో ఉందన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"మరి మా ఆవిడేదయ్యా?"

"వదినకు కథతోటి ఏం పనే అన్నా?"

"పగ్గాలు పట్టుకుని ముందు కూర్చున్నది మా ఆవిడే కదా!"

నేను వేలు పెట్టి ఆ నల్ల మూట చూపించాను. ఆయన అట్టని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. మొహంలో రంగు మారిపోయింది. తన అట్టల మీది ఆడవాళ్ళందరికీ భార్య మొహమే వేసేవాడట, వేరే మొహం వేస్తే ఆవిడ ఊరుకునేది కాదు. రైలు పట్టాలకి కట్టేసినా, కొండ మీంచి వేలాడదీసినా ఆవిడనే. "మీ స్నేహితుడు నా చేత కెవ్వుమనిపించడం తప్ప ఒక్క పనీ చేయించడే!" అని ఆవిడ దెప్పితే, ఆఖరి అట్ట మీద పగ్గాలు ఆవిడ చేతికిచ్చి హీరోని వెనక కూర్చోబెట్టాడు. తీరా సౌదీకి బయల్దేరేటప్పుడు, ఆడమనిషి బొమ్మ ఉంటే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని బొంబాయిలో ఎవడో బెదరగొట్టాడు. గాభరాగా నల్ల నీటి రంగు పులిమేశాడు. పులిమిన సంగతి మర్చిపోయాడు. ఇన్నేళ్ళూ ఆయన ఎప్పుడు చూసినా ఆ అట్టలో ఆవిడే కనబడింది.

"అయ్యో అన్నయ్యా! ఆవిణ్ణి ఖర్జూరం బస్తా చేశావా!" అంది ఫోన్లోంచి సిస్టర్. నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దాయన తడి దూదితో మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. ముందు చీర కొంగు బయటపడింది, తర్వాత పగ్గం పట్టిన చెయ్యి, తర్వాత మొహం. భయం ఏ కోశానా లేని మొహం.

వజ్రాలు తీసి పారేశాను. కథంతా తిరగరాశాను. చెక్క గిట్టల ఉపాయం ఆవిడదే అయింది, దారి వెతికింది కూడా ఆవిడే. మా హీరో నోరు మూసుకుని వెనక కూర్చున్నాడు. పెద్దాయన ప్రయాణానికి పుస్తకం అచ్చయ్యే వీల్లేదు. అందుకని ఆయన ఇంటికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, నేనే చదివాను. చదువుతున్నంతసేపూ పెద్దాయన తల దించుకుని గోళ్ళకి పట్టిన రంగు గీక్కుంటూనే ఉన్నాడు. ఇసుక దాటి, ఊరి దీపాలు కనబడేదాకా ఒంటెని నడిపించి ఆపాను.

"వదినా, ఎట్లుంది?" అన్నాను.

"బాగుంది నాయనా" అంది ఆవిడ. "కథ అయిపోయింది కదా. ఇంక మనిషిని పంపించెయ్యి."