మాదాపూర్‌కు రాని బోరు

మాదాపూర్ నుంచి సర్కారు నౌకరీలో చేరిన మొదటివాడు బాలనర్సయ్య. పట్నంలో ఊళ్ల నీళ్ల సంగతి చూసే ఆఫీసులో చిన్న గుమాస్తా. ఉర్దూ మీడియంలో చదివాడు. ఇంగ్లీషు రాయమంటే ముళ్లకంపలో చెయ్యి పెట్టమన్నట్టే. అతని ఖర్మ కొద్దీ దొరికిన సూపరింటెండెంటు రామబ్రహ్మం.

రామబ్రహ్మం గుంటూరు వైపు మనిషి. లంచం ముట్టడు, ఆలస్యంగా రాడు. ఆయన రోగమల్లా ఇంగ్లీషే. 'కైండ్లీ' పక్కన ఎవరైనా 'ప్లీజ్' రాస్తే ఆ పూట అన్నం సయించదు. ఇంగ్లీషు పేపర్లో పాఠకుల ఉత్తరాలు వేసే చోట, కామా ఎక్కడ పెట్టాలనే దాని మీద వాల్తేరు పెద్దమనిషి ఒకాయనతో నెలల తరబడి పోట్లాట. ఒకరి మొహం ఒకరెరగరు. అయినా లోకమంతా చూస్తుండగా ఒకరి చదువును ఒకరు ఉతికి ఆరేసుకునేవారు. ఆ కామాతో ఎవడి కడుపు నిండిందో ఆ దేవుడికే తెలియాలి.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. మాదాపూర్ బావులు అడుగంటాయి. బాలనర్సయ్య తల్లి రుక్కమ్మ నీళ్ల కోసం ఖాజాగూడ దాకా నడిచేది. అలాంటప్పుడు ఊరికి బోరు అడిగే కాగితం బాలనర్సయ్య బల్ల మీదికే వచ్చింది. గుమాస్తా డ్రాఫ్టు రాయాలి, సూపరింటెండెంటు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే పై ఆఫీసరు సంతకం. మార్చి దాటితే ఆ ఏటి నిధులు మురిగిపోతాయి. తోటి గుమాస్తాతో రాయించుకుంటే పోయేది. కానీ తన ఊరి కాగితం తన చేత్తోనే పోవాలని పంతం పట్టాడు. ఊరి పెద్ద ఐలయ్యకు మాట కూడా ఇచ్చేశాడు.

డ్రాఫ్టు ఎర్రగీతలతో తిరిగొచ్చింది. మళ్లీ రాశాడు, మళ్లీ వచ్చింది.

"ఏవయ్యా, ఇది ఇంగ్లీషేనా? భాషకు మర్యాద ఉండొద్దూ?" అన్నాడు రామబ్రహ్మం.

"సార్, ఊర్లె తాగుదమంటె నీళ్లు లేవు. తప్పులు మీరే దిద్ది జర పంపుండ్రి."

"నేను దిద్దిపెడితే నీకెప్పుడొస్తుందయ్యా? పో, మళ్లీ రాసుకురా."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మార్చి ఆఖరి రోజు పొద్దున్నే డ్రాఫ్టు మళ్లీ పెట్టాడు. రామబ్రహ్మం తలెత్తలేదు. ఆనాటి పేపర్లో వాల్తేరు ఆయన ఈయన్ని 'అరకొర చదువు' అన్నాడు. దానికి జవాబు రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ సాయంత్రం చేశాడు. బాలనర్సయ్య ఎదురుగా నిలబడే ఉన్నాడు. ఆఫీసు మూసేశారు.

మర్నాడు డ్రాఫ్టు మీద ఒక్క ఎర్రగీత లేదు. "ఇప్పుడు దారికొచ్చావయ్యా," అని రామబ్రహ్మం మెచ్చుకున్నాడు. "నిధులు ఎలాగూ పోయాయి. ఫైల్లో పెట్టుకో, పనికొస్తుంది."

ఊరికి పోయి జరిగినదంతా ఐలయ్యకు చెప్పాడు. ఐలయ్య అరవలేదు, తిట్టలేదు. చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"మంచిదే బిడ్డా. నీకు ఇంగ్లీషు వచ్చింది. ఫీజు ఊరు కట్టింది."

ఆ తర్వాత బాలనర్సయ్య రాసిన ఇంగ్లీషులో తప్పు పట్టినవాడు లేడు. ఊళ్లో మాత్రం అతని చేతికి ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు.