వాయిదాలు లేని చోటు

గురజాల కోర్టులో జూనియర్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో సాదియాకి ఆ ఉద్యోగం మహా గొప్పగా ఉండేది. పొద్దున్నే మాచర్లలో బస్సెక్కడం, కిటికీ పక్క సీటు దొరకడం, కోర్టు మెట్ల మీద పెద్ద పెద్ద ప్లీడర్లు కూడా ఆగి "ఏమ్మా, మా కేసు పిలిచారా?" అని తనని అడగడం, అన్నీ బాగుండేవి. మాచర్ల బజార్లో మోటార్లకి వైండింగ్ చుట్టే గులాం మొహిద్దీన్ కూతురికి ఇంతకంటే ఏం కావాలన్నారు అందరూ. తనూ అదే అనుకుంది.

పోనుపోను కాగితాల కట్టలు లావెక్కడమే తప్ప మనుషులు మారకపోవడం చూసింది. దాచేపల్లి వైపు నించి ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదా మీద వచ్చేవాళ్లు. ఒకే ఆటోలో దిగి, ఒకే బెంచీకి చెరో చివర కూర్చుని, వాయిదా పడగానే మళ్లీ ఒకే ఆటోలో వెళ్లిపోయేవాళ్లు. మనోవర్తి కేసు వేసిన ఒక పిల్ల పసిబిడ్డని చంకనేసుకుని వచ్చేది. ఆ బిడ్డ కోర్టు వరండాలోనే తప్పటడుగులు వేసింది. వాళ్లకి మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పడం సాదియా పని. తేదీ చెప్పిన ప్రతిసారీ ఎదుటి మొహంలో ఏదో ఆరిపోయేది.

సాయంత్రం బస్సు మాచర్ల దగ్గర పడేసరికి పడమటి దిక్కున నల్లమల కొండలు నీలంగా లేచేవి. సాదియా వాటినే చూస్తూ కూర్చునేది. ఇప్పుడు ఆ చెట్ల కింద ఎంత చల్లగా ఉంటుందో, అక్కడ చీకటి ముందు కింద నించి వస్తుందో పైనించి దిగుతుందో, ఎవరూ తొక్కని ఆకుల మీద నడిస్తే ఎలా ఉంటుందో అనుకునేది. పుట్టి బుద్ధెరిగాక స్కూలు పిల్లలతో ఎత్తిపోతల జలపాతం దాకా వెళ్లడమే గానీ ఆ కొండల్లోకి అడుగు పెట్టింది లేదు. స్టాండులో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి, "దిగమ్మా, వచ్చేసింది" అని లేపాల్సిన రోజులు కూడా ఉన్నాయి. ఆమె నిద్రపోలేదని ఆయనకి తెలియదు.

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టులు పడినప్పుడు ఇంట్లో చెప్పకుండానే అప్లై చేసింది. ఆఫీసులో అనుమతి కావాలి కాబట్టి సూపరింటెండెంట్ రామబ్రహ్మం గారికి చెప్పక తప్పలేదు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, జీతం కూడా ఇంచుమించు ఇంతే కదమ్మా, కుర్చీ వదిలి ముళ్లలోకి పోతానంటావేంది అని నవ్వి, సరేలెమ్మని అర్జీ పైకి పంపించారు. రాత పరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది నడక పరీక్ష. ఆడవాళ్లయితే నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. అప్పుడు చెప్పింది ఇంట్లో.

మొహిద్దీన్ అన్నం ముందు నించి లేవలేదు, అరవలేదు. ఒక్క మాట అడిగాడు.

"చెట్లకి మనతో ఏం పని ఉంటదే?"

"అదే అబ్బా. నాతో ఏ పనీ లేనోళ్ల మధ్య కొన్నాళ్లుండాలని ఉంది."

ఆ రోజు నించి ఆయన కూతురితో మాట్లాడటం మానేశాడు.

సాగర్ కుడికాలువ గట్టు మీద నడక మొదలుపెట్టింది సాదియా. ఒంటరిగా పంపడం ఇష్టంలేక తల్లి ఖాతూన్ బీ కూడా బయల్దేరింది. మొదట్లో తూము మీద కూర్చుని కూతురు తిరిగొచ్చేదాకా కాచుకునేది. నాలుగు రోజులయ్యాక తనూ నడవసాగింది. బురఖా అంచు మంచుకి తడిసి బరువెక్కేది. ఒక పక్క నిండు కాలువ చప్పుడు లేకుండా సాగిపోతుండేది, ఇంకో పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు తొలి ఎండకి నిప్పుల్లా మెరిసేవి. ఇంట్లో ఎన్నడూ నోరు విప్పని మనిషి, ఆ గట్టు మీద ఆగకుండా మాట్లాడేది. ఒకనాడు అసలు సంగతి చెప్పింది.

"మీ అబ్బాకి కోపం అడవి మీద కాదే. నువ్వు కోర్టులో చేరినాక బజార్లో ఆయన్ని అందరూ భాయ్ భాయ్ అని పిలిచి వాయిదాలడుగుతున్నారు. మోటారు లేనోళ్లు కూడా వచ్చి కూర్చుంటున్నారు. రేపటి నించి ఎవరొస్తారు?"

ఆ పూట ఇక నడవకుండా ఇద్దరూ గట్టు మీద కూర్చుండిపోయారు.

నడకలో నెగ్గింది. ఆర్డరు వచ్చింది. కోర్టు ఉద్యోగం నించి రిలీవ్ కావాల్సిన రోజున పొద్దున్నే, ఉతికిన చొక్కా తొడుక్కుని మొహిద్దీన్ బస్టాండు దాకా వెనకే వచ్చాడు. బస్సెక్కి పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన కూతురి ఆఫీసుకి రావడం అదే మొదలు.

జడ్జి గారు బెంచి మీదున్నారు, సంతకానికి ఆగాలన్నారు. వరండాలో చోటు లేక ఆ దాచేపల్లి అన్నదమ్ముల నడుమ కూర్చున్నాడు మొహిద్దీన్. పేర్లు పిలుస్తున్నారు, జనం లోపలికి పోతున్నారు, పోయినంత త్వరగా బయటికొస్తున్నారు. మధ్యాహ్నమైంది. అన్నదమ్ముల్లో పెద్దవాడు తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ముందు ఈయనకిచ్చి, తర్వాత తమ్ముడి వైపు చూడకుండానే అటు జరిపాడు. తమ్ముడు తాగాడు. కాసేపటికి వాళ్ల పేరూ పిలిచారు, వాయిదా పడింది.

ఎండ తగ్గే వేళకి సాదియా చేతిలోకి రిలీవింగ్ ఆర్డరొచ్చింది. ఈ ఉద్యోగం మీద నీకు హక్కు, లీన్ అంటారు, కొన్నాళ్లుంటుంది, నచ్చకపోతే తిరిగి రావచ్చు, ఈ కుర్చీ ఎక్కడికీ పోదు అని రామబ్రహ్మం గారు గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారు. బయట వరండాలో తండ్రి లేచి నిలబడ్డాడు.

"రోజూ ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే అబ్బా."

"సరే, పద."

బస్సులో కిటికీ పక్క సీటు కూతురికి వదిలి ఆయన ఇవతల కూర్చున్నాడు. రెంటచింతల దాటాక, అడవిలో బూట్లు వాళ్లే ఇస్తారా మనం కొనాలా అని అడిగాడు. అన్ని వారాల తర్వాత ఆయన అడవి ఊసెత్తడం అదే మొదలు. సాదియా ఏడుపు దాచుకోవడానికి బయటికి చూసింది.

ట్రైనింగ్ అయ్యాక నల్లమల అంచున కాపలా తిరగడానికి ఒక బీటు ఇచ్చారు. మొదటి నెల అనుకున్నట్టు లేదు. కాళ్లు బొబ్బలెక్కాయి, ఫోనుకి సిగ్నల్ దొరకదు, గాలికి వెదురు కిర్రుమన్నా ఉలిక్కిపడి వెనక్కి చూసేది. తిరిగి వెళ్లిపోదామా అని కూడా అనుకుంది.

ఎండలు ముదిరాయి. వాగులు ఎండిపోతే జంతువుల కోసం అడవిలో అక్కడక్కడా సిమెంటు తొట్లు కట్టి ట్యాంకరుతో నీళ్లు నింపుతారు. ఒక మధ్యాహ్నం తొట్టి నింపించి, ట్యాంకరుని పంపేసి, దూరంగా బండరాయి చాటున కూర్చుంది సాదియా. మొదట తేనెటీగలు వచ్చి తడి అంచుల మీద వాలాయి. తర్వాత ఒక నెమలి. అది పోయాక చాలాసేపు ఏమీ రాలేదు. ఆకుల నీడలు తొట్టిలో ఊగుతుంటే చూస్తూ, టైమెంతయిందో కూడా మర్చిపోయింది.

అప్పుడు పొదల్లోంచి ఒక దుప్పి బయటికొచ్చింది. చెవులు రిక్కించి ఆమె ఉన్న వైపే చూసింది. సాదియా ఊపిరి బిగబట్టింది. దుప్పి ఆమెతో ఏ పనీ లేనట్టు నింపాదిగా తల వంచి తాగడం మొదలుపెట్టింది.