ఫైనల్ ఆడని చొక్కా

బకూలి మెడ చూస్తే ఎవరైనా ఒకడుగు వెనక్కి వేస్తారు. రాజధాని తనా నగరం దిగువన, వరి కోతలయ్యాక ఎండిన మళ్ళలో మట్టి తవ్వి ఇటుకలు కాల్చేచోట, చిన్నప్పటి నుంచి నెత్తిన ఇటుకలు మోసి పెంచుకున్న మెడ అది. ఇటుక మీద ఇటుక పేర్చుకుని, చెయ్యి కూడా పట్టకుండా, గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోతుంది. ఆ మెడకి రగ్బీలో మంచి పని దొరికింది. స్క్రమ్ కట్టినప్పుడు రెండు జట్లవాళ్ళూ తలలు వంచి, ఒకరి భుజాల సందున ఒకరు తల దూర్చి, ఎద్దుల్లా తోసుకుంటారు. ముందు వరుసలో నడుమ నిలబడే మనిషికి మెడే ఆస్తి. బట్టీల క్లబ్బులో ఆ రెండో నంబరు చొక్కా బకూలిది. లీగు పుట్టిన దగ్గర్నుంచీ ఆమెదే.

ఆ లీగు కథ వింటే ఒళ్ళు మండుతుంది. మొదట్లో ఆడవాళ్ళకి బూట్లుండేవి కావు. మగవాళ్ళ ఆట అయ్యాక, వాళ్ళు విప్పి పారేసిన బూట్లలో, ఆ తడిలోనే కాళ్ళు పెట్టి, వేళ్ళ దగ్గర గుడ్డపీలికలు కుక్కుకుని ఆడేవారు. అందుకని ఆడవాళ్ళ ఆట ఎప్పుడూ మగవాళ్ళ తర్వాతే. తర్వాత్తర్వాత ఎవరి బూట్లు వాళ్ళు సంపాదించుకున్నారు గాని ఆ వరస మాత్రం మారలేదు. తనా పేటల క్లబ్బులతో మొదలైన లీగులోకి అంత్సిరబే ఊరి జట్టు వచ్చి చేరింది, తూర్పు తీరం నుంచి తమతావ్ వచ్చి చేరింది. దేశమంతటి లీగు అని పేరు పెట్టారు, కప్పు చేయించారు. తీరా ఫైనల్ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డం పడేది. ఒక ఏడు తుఫాను. ఒక ఏడు రాజధానిలో రాజకీయ గొడవలు. ఒక ఏడు అంటురోగం. ఇవంటే దేవుడి మీదికి తోసేయొచ్చు. ఇంకో ఏడు మైదానాన్ని పాటకచేరీకి ఇచ్చేశారు. దాన్ని ఎవరి మీదికి తోయాలి? సవ్యంగా ఫైనల్ జరిగిన ఏళ్ళలో చూస్తే, ఒకసారి బకూలి కడుపుతో ఉంది, ఒకసారి మెడ పట్టేసి మంచంలో ఉంది, మిగతా ఏళ్ళు జట్టే సెమీఫైనల్ నుంచి ఇంటికి వచ్చేసింది. తనతోపాటు మొదలుపెట్టిన వాళ్ళంతా మానేసి ఇప్పుడు గట్టు మీద కూర్చుని బఠాణీలు తింటూ సలహాలు చెబుతున్నారు. ఆమెకి మాత్రం ఒక్క ఫైనలైనా ఆడే ముచ్చట తీరలేదు.

ఆ ముచ్చట ఆమె తండ్రి రలైది కూడా. ఇరుగుపొరుగు "ఆడపిల్లని ఆ తోపులాటకి పంపుతావా" అని సాగదీస్తే, "నెత్తిన ఇటుకలు పెడితే నోరెత్తలేదే, చేతికి బంతిస్తే వచ్చిందా మీకు బాధ" అని వాళ్ళ నోళ్ళు మూయించిన మనిషి. గడ్డిటోపీ పెట్టుకుని గీత పక్కనే కూర్చునేవాడు. ఆఖరి జబ్బులో కూడా ఆయన అడిగిన మాట, "ఫైనల్ ఎప్పుడే?" అని. బకూలికి ఏం చెప్పాలో తెలియక, "ఆడినరోజు ఆ చొక్కా ఉతక్కుండా మట్టితోనే తెచ్చి నీ పక్కన పెడతాలే నాన్నా" అంది. ఆయన నవ్వాడు. ఆ వారంలోనే పోయాడు.

ఆ మాట ఇచ్చి కొన్నేళ్ళయింది. ఈ చలికాలం పెద్దల సమాధి తెరవాలని ఇంట్లో నిర్ణయించారు. సమాధిలోని పెద్దలందరినీ బయటికి తెచ్చి, బ్యాండుమేళంతో భుజాల మీద ఊరేగించి, కొత్త పట్టు చుట్టి, వాళ్ళకి ఇష్టమైనవి పక్కన పెట్టి మళ్ళీ పడుకోబెట్టే వేడుక అది, ఆ నేల ఆచారం. రలై పోయాక ఇదే మొదటిసారి తెరవడం. మళ్ళీ తెరిచేది ఏడేళ్ళకి. సరిగ్గా ఈ ఏడే బట్టీల క్లబ్బు ఫైనల్‌కి వచ్చింది. బకూలికి కాళ్ళు నేల మీద ఆనలేదు. కాని ముహూర్తాలు పెట్టే ముసలాయన సమాధి తెరవడానికి చెప్పిన ఆదివారం, లీగువాళ్ళు ఫైనల్ పెట్టిన ఆదివారం, రెండూ ఒక్కటే.

ఆమె వెళ్ళి పెదనాన్న రైనివు ముందు కూలబడింది. ఇంటికి పెద్దదిక్కు ఆయనే. సమాధి తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

"పెదనాన్నా, ఒక్క నాలుగైదు రోజులు వెనక్కి జరపండి. ఫైనల్ ఆడి, ఆ చొక్కా పట్టుకుని సరాసరి నాన్న దగ్గరికి వస్తా."

"ఏంటే, పెద్దల ముహూర్తం నీ బంతాట కోసం జరపాలా?"

"నా కోసం కాదు. ఆయనకి మాటిచ్చా."

"చచ్చేవాడికి అందరూ ఇస్తారు మాటలు."

"అందరూ ఇస్తారు. నేను నిలబెట్టుకుంటానంటున్నా."

రైనివు చాలాసేపు గొణిగాడు. చెల్లెలు సహోలి కూడా "అక్కా, నీకు పిచ్చి ముదిరింది" అంది. అయినా బకూలి చెవిలో జోరీగలా వదల్లేదు. చివరికి పెద్దాయన రమ్ము సీసా చంకన పెట్టుకుని మళ్ళీ ముసలాయన దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాతి శుక్రవారం కూడా మంచిరోజే అనిపించుకుని వచ్చాడు. చుట్టాలందరికీ మళ్ళీ కబురు పెట్టారు. బ్యాండువాళ్ళని బతిమాలారు. తిట్లన్నీ బకూలి ఖాతాలోకే వెళ్ళాయి.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పెదనాన్న మనసు మళ్ళీ ఎటు తిరుగుతుందోనని ఆమెకి భయం. పెద్దలకి వేడుక సంగతి చెప్పేది ముందురోజే. సమాధి తలుపు దగ్గర రమ్ము చల్లి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి చెప్పాలి. ఒకసారి పిలిచాక రోజు మార్చడానికి ఎవరికీ గుండె చాలదు, ఎందుకంటే వాళ్ళు లేచి ఎదురుచూస్తూ ఉంటారు. అందుకనే బకూలి పట్టుబట్టి, బతిమాలి, ముందే పెద్దాయన్ని తీసుకెళ్ళి పిలిపించేసింది. రైనివు తలుపు మీద చెయ్యి వేసి, "రలై, తమ్ముడూ, శుక్రవారం వస్తున్నాం, సిద్ధంగా ఉండు" అన్నాడు. బకూలి పక్కనే నిలబడి తండ్రి పేరు వినగానే కళ్ళు తుడుచుకుంది. ఇక ఎవరూ కదపలేరని ధీమాగా ఇంటికి వచ్చింది.

మర్నాడు లీగు కార్యదర్శి ఫిదేల్ ఫోను చేశాడు.

"మేడమ్ బకూలీ, చిన్న మార్పు. ఆదివారం మగవాళ్ళ జట్టుకి పైదేశం వాళ్ళతో ఆట కుదిరింది. మైదానం వాళ్ళకి కావాలి. మీ ఫైనల్ శుక్రవారం ఒంటిగంటకి పెట్టాం."

బకూలి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఏ శుక్రవారం?"

"ఆ ఆదివారం తర్వాత వచ్చే శుక్రవారమేనమ్మా. ఆ రోజు మైదానం పూర్తిగా మీదే. మీరు సంతోషిస్తారనుకున్నాం."

"ఫిదేల్‌గారూ, ఆ రోజు మా నాన్నని బయటికి తీస్తున్నాం."

అవతల ఫిదేలూ ఈ నేల మనిషే, ఆ మాట బరువు ఆయనకీ తెలుసు. "అయ్యో. ఆ రోజు జరుపుకోలేరా?" అన్నాడు.

"పిలిచేశాం," అంది బకూలి. పిలిపించింది తనేనని మాత్రం చెప్పలేదు. ఫోను పెట్టేసి, ఆ రోజంతా ఇటుకల్ని దించాల్సినచోట విసిరింది. సగం పగిలిపోతే మేస్త్రి గట్టు మీంచి చూసి ముక్కల్ని పక్కకి ఏరించాడు.

శుక్రవారం పొద్దున్నే సమాధి తెరిచారు. అది అంత్సిరబే వెళ్ళే రోడ్డు పక్కన, చిన్న మెరక మీద ఉంది. బకూలి చొక్కా, బూట్లు సంచిలో పెట్టుకునే వచ్చింది. రోడ్డు మీద తనా వైపు వెళ్ళే బండి ఏదైనా పట్టుకుని, ఆట ఆడి, పొద్దు వాలేలోపు వెనక్కి రావాలని ఆమె లెక్క.

"పెదనాన్నా, నాన్నని ముందు బయటికి తీయండి," అంది.

"పెద్దవాళ్ళ తర్వాతే చిన్నవాళ్ళు. మీ నాన్న అందరికంటే చిన్నవాడు. చచ్చాక కూడా తోసుకుని ముందుకి రమ్మంటావా?"

తాతలూ, తాతమ్మలూ ఒక్కొక్కరే వచ్చారు. బ్యాండువాళ్ళు తీరిగ్గా వాయించారు. బకూలి ఒక కన్ను తలుపు మీద, ఒక కన్ను రోడ్డు మీద పెట్టుకుని చిందులేసింది. ఎట్టకేలకు రలై వచ్చాడు. చాపలో చుట్టిన ఆ మూటకి ఆమె భుజం పట్టింది. ఇటుకల బరువు తెలిసిన భుజం అది. నాన్న ఇంత తేలికైపోయాడా అని ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవకూడదు, ఇది పండగ. నవ్వుతూనే సమాధి చుట్టూ తిరిగింది.

అప్పుడే రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. అంత్సిరబే జట్టు బస్సు. కిటికీలోంచి వాళ్ళ రెండో నంబరు ఫెను తల బయటపెట్టి ఉంది. ఏళ్ళ తరబడి బకూలీ, ఆవిడా స్క్రమ్‌లో ఒకరి చెవులు ఒకరు రాసుకుంటూ వచ్చారు.

"ఒసేయ్ బకూలీ," అని అరిచింది ఫెను, "నువ్వు రాకపోతే నేనెవరి మెడ విరవాలే? ఎక్కు."

తండ్రిని ఆడవాళ్ళ ఒళ్ళో పడుకోబెట్టి కొత్త పట్టు మడత విప్పుతున్నారు. సహోలి తలెత్తి చూసింది.

"నువ్వు లేకుండా నాన్నకి బట్ట చుట్టమంటావా?"

"మట్టి చొక్కాతో వస్తా సహోలీ. తలుపు మూయకుండా చూడు."

"పొద్దు కొండ దిగేలోపు మూసేయాలి," అన్నాడు రైనివు. "నీ కోసం ఆపలేను తల్లీ. పెద్దలు చలిలో ఉన్నారు."

బకూలి పరిగెత్తింది. బస్సులో ఆమెకి ఫెను పక్కనే చోటిచ్చారు. ఎదుటి జట్టు వాళ్ళే వేడి బియ్యపు రొట్టె చేతిలో పెట్టారు. "తిను, లేకపోతే నీరసంగా ఉన్నదాన్ని ఓడించారంటారు," అంది ఫెను. బకూలి తినలేకపోయింది. మూట భుజం మీద ఆనిన చోటు ఇంకా అలాగే తెలుస్తోంది.

ఒంటిగంటకి రెండు జట్లూ గీత దగ్గర నిలబడ్డాయి. రిఫరీ వచ్చాడు, బంతి వచ్చింది. డాక్టరు మాత్రం రాలేదు. మైదానంలో డాక్టరు లేనిదే ఆట మొదలుపెట్టకూడదని లీగు నియమం. ఉన్న ఒక్క డాక్టర్నీ అంబులెన్సునీ మగవాళ్ళ ప్రాక్టీసుకి పంపారని కాసేపటికి తెలిసింది. వస్తున్నారన్నారు. దారిలో ఉన్నారన్నారు. పొద్దు పడమటికి వాలింది. ఆడపిల్లలు చలికి గంతులేస్తూ నిలబడ్డారు.

"డాక్టరు లేకపోయినా ఆడతాం," అంది బకూలి.

"ఎవరి మెడైనా విరిగితే?" అన్నాడు రిఫరీ.

"ఆ మెడ మాదే కదా. మాకు లేని బాధ మీకెందుకు?"

ఫెను కూడా వచ్చి ఆమె పక్కన నిలబడింది. రిఫరీ ఇద్దరినీ చూసి తల అడ్డంగా ఊపి, ఈల జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు ఫిదేల్ చేతులు రుద్దుకుంటూ వచ్చి, కమిటీ మంచి నిర్ణయం తీసుకుందన్నాడు. రెండు జట్లూ విజేతలేనట. కప్పు చెరో ఆరు నెలలట. అందరికీ పతకాలట.

"ఒక్క ఫొటో మాత్రం కావాలి," అన్నాడు. "స్క్రమ్ కడితే బాగుంటుంది, ఫైనల్లా కనిపిస్తుంది."

ఏం చేస్తారు, కట్టారు. బకూలి తల ఫెను భుజం సందులో దూరింది. ఇద్దరి ఊపిర్లూ బుసలు కొట్టాయి. వెనకనుంచి పిల్లలు తోయబోతే ఫొటో తీసేవాడు కేకేశాడు, "కదలకండి, కదలకండి. చెదిరిపోతుంది."

"వీడి మెడ ముందు విరవాలే," అంది ఫెను ఆమె చెవి దగ్గర. బకూలికి నవ్వు రాలేదు. జీవితంలో దక్కిన ఒకే ఒక్క ఫైనల్లో కట్టిన స్క్రమ్ అది, అదీ కదలకుండా. చొక్కాకి గడ్డిమరక కూడా అంటలేదు.

అంత్సిరబే బస్సు వెనక్కి వెళుతూ ఆమెని మెరక దగ్గర దించింది. పొద్దు కొండ వెనక్కి దిగిపోయింది, ఆకాశంలో ఎరుపు మిగిలింది. బ్యాండువాళ్ళు వెళ్ళిపోయారు. చుట్టాలు వెళ్ళిపోయారు. రాతి తలుపు మూసి అంచులకి పచ్చిమట్టి మెత్తేశారు. రైనివు, సహోలి మాత్రం ఆమె కోసం గట్టు మీద కూర్చుని ఉన్నారు.

"గెలిచావా?" అంది సహోలి.

"గెలిచాం. ఆడకుండా."

సహోలికి అర్థం కాలేదు. బకూలి పతకం తీసి చూపించింది. ఆ తర్వాత చొక్కా ఎత్తి చూపించింది. తెల్లగా, ఇస్త్రీ మడత కూడా పోకుండా ఉంది. చెల్లెలు చెయ్యి చాచి ఆ మడతని తడిమింది.

బకూలి పతకం గడ్డిలో పడేసి తలుపు దగ్గరికి వెళ్ళింది. కాళ్ళు నేలలో తన్ని పెట్టి, తల వంచి, రాతికి భుజం ఆనించి, ఇన్నేళ్ళ బలమంతా పెట్టి తోసింది. ఆ రాయి కదులుతుందని కాదు. తోయకుండా ఉండలేకపోయింది. పచ్చిమట్టి చొక్కా భుజానికీ, ఛాతీకీ, మెడకీ అంటుకుంది. రైనివు తిట్టడానికి లేచినవాడు, ఆమె వీపు ఎగసి పడుతుంటే చూసి, తిట్టలేక పక్కనే నిలబడిపోయాడు.

"చాల్లే తల్లీ," అన్నాడు కాసేపటికి. "వాడికి వినబడే ఉంటుంది. ఏడేళ్ళకి మళ్ళీ తెరుస్తాం కదా, అప్పుడు పెడుదువుగాని చొక్కా. అప్పటికైనా పెడతారంటావా మీవాళ్ళు ఆ ఫైనలు?"

బకూలి మట్టిచేత్తో మొహం తుడుచుకుంది.

"చచ్చిపోయినవాళ్ళన్నా చెప్పిన రోజుకి బయటికొస్తారు పెదనాన్నా," అంది. "లీగువాళ్ళు రారు."