గులాబ్ బీ ఎత్తు గడప

రోడ్డు వేసే యంత్రం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఆడమనిషిని నా జన్మలో ఒక్కదాన్నే చూశాను. ఆమె మా ఎదురింటి గులాబ్ బీ.

వన్ టౌన్‌లో మా సందు రోడ్డు పాడైనప్పుడల్లా పాతది తవ్వరు, దాని మీదే కొత్తది పోస్తారు. రోడ్డు పెరుగుతుంది, ఇళ్లు పెరగవు. చివరికి గులాబ్ బీ ఇంట్లోకి మెట్టు దిగి వెళ్లాల్సి వచ్చింది. వాన పడితే సందులో నీళ్లన్నీ అక్కడికే చేరేవి.

"లెగమ్మా, పనాగిపోతంది" అన్నాడు కాంట్రాక్టరు తిరుమలరావు.

"ఆగనీ. నా ఇల్లు గొయ్యి సేసినోడివి నువ్వు. నా గడప ఎత్తు సేసి కట్టించు, లెగుత్తాను."

"అది నా ఎస్టిమేటులో నేదు."

"ఇంట్లో నీళ్లు తోడుకోమని నా పెళ్లినాటి నిఖానామాలోనూ నేదు బాబూ."

సందంతా నవ్వింది. కలిపిన సిమెంటు గడ్డకడుతోంది, ఆమె కదలడం లేదు. చివరికి అతనే మేస్త్రీని పిలిచి గడప మోకాలెత్తు కట్టించాడు. "సాలా తల్లీ?" అంటే, "ఇంకో ఇటుక ఎయ్యి" అంది. ఆ రోజు దాకా మా సందులో నోరంటే నాదే అనుకునేదాన్ని.

ఆమె భర్త మౌలాలి ట్రంకు పెట్టెలు బాగుచేసేవాడు. పక్షవాతం వచ్చి మాట పోయింది, ఒక చెయ్యి మాత్రం ఆడుతుంది. మంచం మీంచి పడిపోతున్నాడని వెనక గదిలో నేల మీదే బొంత పరిచి పడుకోబెట్టేది. మిషను కుట్టి ఇల్లు నడుపుతూ, రోజూ ఆయనకు గడ్డం గీసి అత్తరు రాసేది. ఎవరినీ గ్లాసుడు నీళ్లు అడిగిన మనిషి కాదు.

మొన్న తుపానుకి సందు ఏరైపోయింది. నేను మా అరుగు మీద, ఆమె తన గుమ్మంలో గడపెక్కి నిలబడి ఉన్నాం. నన్ను అక్క వరసతో అప్పా అని పిలుస్తుంది.

"సూడప్పా, గడప కాడే ఆగిపోయింది. రమ్మను లోపలికి, సూత్తాను" అని నీళ్లను వెక్కిరించింది.

లోపల గోడ మీద తట్టిన చప్పుడు వినిపించింది.

"మీ ఆయన పిలుత్తన్నాడేటో."

"టీ కోసం" అని వెనక్కి తిరగకుండానే, "ఆగు జీ, వత్తన్నాను" అని కేకేసింది.

చప్పుడు ఆగలేదు. కాసేపటికి ఆగింది. అప్పుడు చూశాను, ఆమె మడమల వెనక నల్లటి నీళ్లు. వీధిలోంచి వచ్చినవి కావు, ఇంట్లోంచి వస్తున్నాయి.

చీర ఎత్తిపట్టి ఎలా దాటానో, ఆ గడప ఎలా ఎక్కి దిగానో తెలియదు. ఇద్దరం లోపలికి పరిగెత్తాం. వెనక గది మెట్టు దిగువ ఉంటుంది. పక్కనే స్నానాల గది, దాని తూములోంచి మురుగు పైకి ఉబుకుతోంది. మౌలాలి చెవుల దాకా నీళ్లు. మొహం ఒక్కటే పైకెత్తి, కళ్లు మా వైపు తిప్పి చూస్తున్నాడు. అరవలేని మనిషి కళ్లు అలా ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఈ రోజుకీ అన్నం ముద్ద దగ్గర గుర్తొస్తే చెయ్యి ఆగిపోతుంది.

బొంతతో సహా ఈడ్చి ముందుగది బల్ల మీదకి చేర్చాం. ఇంట్లో నీళ్లు బయటికి పోవడానికి దారి లేదు, ఆ గడపే అడ్డం. బకెట్లతో దాని మీంచి తోడిపోశాం.

నేను రెండో తరగతితో ఆగినదాన్ని. అయినా చెబుతున్నాను, వినండి. వీధి కాలువ షాపుల ప్యాకింగు కవర్లతో పూడిపోయి, మీ ఇంటి నేల కంటే పైకి నిండితే, స్నానం నీళ్లు బయటికి పోయే గొట్టంలోంచే మురుగు లోపలికొస్తుంది. తుపాను కబురు రాగానే గుమ్మం కంటే ముందు తూము ముయ్యండి. గుడ్డ కుక్కి ఇసుక మూట పెట్టండి. తీరికున్నప్పుడు నీళ్లు వెనక్కి రాకుండా గొట్టానికి మూత పెట్టించండి. కాలువలో కవర్లు వానలకు ముందే తీయించండి. లేవలేని మనిషిని నేల మీద పడుకోబెట్టకండి.

వాన తగ్గాక గులాబ్ బీ మా ఇంటికొచ్చింది. టీ ఇస్తే ముట్టలేదు.

"గొట్టానికి మూత ఏయించాను అప్పా. ఆయనకి ఎత్తు మంచం కొన్నాను, పక్కల కర్రలు కట్టించాను. కానీ నా మీద నాకే నమ్మకం పోయింది. ఆయన సావుబతుకుల్లో గోడ కొడతంటే టీ కోసం అనుకున్నాను."

నేను టీ గ్లాసు పక్కకి జరిపి ఆమెకి దగ్గరగా కూర్చున్నాను.

"వానొస్తే నువ్వొకపాలి రా. గుమ్మంలో నిలబడి ఏటీ పర్లేదని నాను సెప్పినా ఇనకు. నన్ను నెట్టేసి లోపలికెళ్లి, ఆయన్ని సూడు" అంది.